వుకాషిన్ పిడికిలి

తాగుబోతుల మీద నాకు జాలి లేదు. ఒకప్పుడు ఉండేది, ఏడేళ్ళలో అరిగిపోయింది. కానీ మా ఫౌండ్రీలో జరిగినదానికి తాగుబోతు కారణం కాదు. నా ఒళ్ళు మండేది అందుకే.

ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా నేను అక్కడ క్రేన్ నడుపుతున్నాను. నా చోటు పైన గాజు గదిలో. కింద వుకాషిన్ పోత దిమ్మలకు గొలుసులు తగిలించి చేత్తో సైగ చేస్తాడు. అరచెయ్యి పైకి ఊపితే లేపాలి, కిందికి ఊపితే దించాలి, పిడికిలి బిగించి ఎత్తితే ఎక్కడిదక్కడ ఆపాలి. దిమ్మల వెనక ఏముందో నాకు కనిపించదు, అతనికి కనిపిస్తుంది.

ఏడేళ్ళ కిందట ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. పొద్దున్నే రెండు గుక్కల రకియా, అదే పళ్ళ సారా, మా వాళ్ళకు ఔషధంతో సమానం. అతనికి రెండుతో ఆగలేదు. పైగా వుకాషిన్ మాకు కూమ్. నా పెళ్ళిలో సాక్షిగా నిలబడ్డాడు, మా అమ్మాయి బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకున్నాడు. పైన దేవుడు, కింద కూమ్ అంటాం మేము. కన్నతండ్రితో తగువు పడొచ్చు గానీ కూమ్‌ని బజారుకీడ్వకూడదు. అందుకని ఈడ్వలేదు.

తాగొచ్చినవాళ్ళను పట్టుకోవడానికి గేటు దగ్గర ఊదే మిషన్ పెట్టారు. వుకాషిన్ వంతు కూడా ఓబ్రాదే ఊదేవాడు. ఓబ్రాద్ అతనికి తోడుగా కింద పనిచేసేవాడు, జన్మలో చుక్క ముట్టనివాడు. అతను రెండోసారి ఊదేటప్పుడు కాపలావాడు మొహం పక్కకి తిప్పుకునేవాడు. మేస్త్రీ బ్లాగోయెకి అంతా తెలుసు, తెలియనట్టు కాగితాలు సర్దుకునేవాడు. ఇక నేను ఆ చేతిని నమ్మడం మానేశాను. అతను ఊపేవాడు, నేను నా అంచనాతో నడిపేదాన్ని. చూసేవాళ్ళకు ఇద్దరం కలిసి పనిచేస్తున్నట్టే ఉండేది.

ఏడేళ్ళు ఎవరూ చావలేదు కాబట్టి మా అంత తెలివైనవాళ్ళు లేరనుకున్నాం. పళ్ళు కొరికి కొరికి నా దవడ పళ్ళు రెండు చిట్లాయి. కూరలో ఉప్పు తగ్గిందని ఇంట్లో మొగుడి మీద విరుచుకుపడేదాన్ని. ఓబ్రాద్‌కి మాత్ర వేసుకోనిదే నిద్ర పట్టదు. బ్లాగోయెకి కడుపులో పుండు. తాగేది ఒకడు, తూలేది అందరం.

ఆ మంగళవారం వుకాషిన్ గడ్డం గీసుకుని వచ్చాడు. ఈసారి తనే ఊదుతానని చెయ్యి చాపాడు. ఓబ్రాద్ నవ్వేసి, పొద్దున్నే వేళాకోళాలు వద్దు, వెళ్ళి బట్టలు మార్చుకో అన్నాడు. అప్పటికే అతని వంతు ఊదేశాడు కూడా. నిచ్చెన మొదట్లో వుకాషిన్ నన్ను ఆపాడు.

"పదకొండు రోజులైంది కూమా. చుక్క ముట్టలేదు."

"మంచిది," అన్నాను. కుక్క తోక వంకర ఎక్కడికి పోతుందిలే అనుకుంటూ పైకెక్కాను.

పది దాటాక పంపు దిమ్మ ఒకటి దించుతున్నాను. ఓబ్రాద్ చెక్క దుంగలు పరిచి పక్కకి తప్పుకున్నాడు. మళ్ళీ ఏం గుర్తొచ్చిందో, దుంగ సరిచేయడానికి దిమ్మ వెనకనుంచి వంగాడు. నాకు కనిపించలేదు. వుకాషిన్ చెయ్యి మాత్రం కనిపించింది. పిడికిలి. నిటారుగా, వణుకు లేకుండా. ఇవాళ వీడికి ఏ దయ్యం కనిపించిందో అనుకుని దించేశాను.

ఓబ్రాద్ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కుడి పాదం సగం తీసేశారు.

మూడో రోజు పట్నం నుంచి విచారణ అధికారి వచ్చాడు. అంతకుముందే బ్లాగోయె నన్ను పక్కకి పిలిచాడు. వుకాషిన్ సైగ తప్పని రాసెయ్యి విదోసావా, ఎవడూ ఎదురడగడు, వాడెలాగూ ఏదో ఒక రోజు పోవలసినవాడే, నీకు పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది అన్నాడు. ఇంత చక్కటి అబద్ధం నా జన్మలో ఎవరూ నా చేతికివ్వలేదు. ఊరంతా నమ్ముతుంది. ఆ మనిషి తాగలేదని చూపడానికి మిషన్‌లో అతని ఊపిరి కూడా లేదు, ఉన్నది ఓబ్రాద్‌ది.

వరండాలో వుకాషిన్ నిలబడి ఉన్నాడు.

"నా మీదే రాయి కూమా. నేనే ఏదో తప్పుగా ఊపుంటాను. నాకు పిడికిలి ఎత్తినట్టే గుర్తుంది గానీ, నా గుర్తుకి విలువేముంది?"

చెంప పగలగొట్టాలనిపించింది. ఆ చెంప అతనిదో నాదో తెలియలేదు.

లోపల అందరినీ కూర్చోబెట్టి అధికారి నన్ను ఒకే మాట అడిగాడు. సైగ ఏమిటి?

"పిడికిలి. నేను చూశాను. ఆపలేదు," అన్నాను. అక్కడితో ఊరుకోలేదు. మిషన్ సంగతి, కాపలావాడి సంగతి, బ్లాగోయె సంగతి, నా అంచనాల సంగతి, ఏడేళ్ళదీ కక్కేశాను. తిలా పాపం తలా పిడికెడు. ఎవరి పిడికెడు వాళ్ళకు పంచాను. బ్లాగోయె మొహం సున్నం కొట్టినట్టయింది. కూమ్ పరువు తీశావు, థూ, అని వెనకనుంచి ఎవరో అన్నారు.

వుకాషిన్‌కి అవేవీ పట్టలేదు.

"నిజంగా ఎత్తానా?"

"ఎత్తావు."

"మరెందుకు ఆపలేదు?"

"నీ చెయ్యి నమ్మడం మానేసి ఏడేళ్ళయింది."

"ఆ మాట నాతో ఎందుకనలేదు?"

"కూమ్‌వి కదా."

అతను లేచాడు. కోపంతో ఆ మొహం ఎర్రబడటం ఎన్నేళ్ళకో చూశాను. "ఏడేళ్ళు కిందనుంచి ఊపుతూనే ఉన్నాను విదోసావా. గాలికి ఊపానా?" అని బయటికి వెళ్ళిపోయాడు.

కాగితం మీద సంతకం పెట్టాను. పింఛను ఏమవుతుందో అడగలేదు. కిటికీలోంచి చూస్తే వుకాషిన్ గేటు దగ్గర ఆగి ఉన్నాడు. ఎవరూ అడగకుండానే మిషన్ తీసుకుని, బుగ్గలు పూరించి, ఊపిరంతా ఊదాడు. ఊది, అంకె కనిపించేలా కాపలావాడి ముందు పట్టుకున్నాడు.

కాపలావాడు అలవాటు ప్రకారం మొహం పక్కకి తిప్పుకున్నాడు.