తేలు, తల్లీ, తేలు!

పాప తువ్వాలు, పాప టోపీ, నీళ్ళలో వేసే డైపర్లు, మార్చే బట్టలు, బిస్కెట్లు, అత్తయ్య మందులు, ఆయన ఫోన్ చార్జరు అన్నీ సర్దాను. ఈత కొలను దగ్గరికి వెళ్ళాక చూసుకుంటే నా తువ్వాలు లేదు. ప్రతి శనివారం ఇదే తంతు. పోయిన వారం పాప తడి తువ్వాలుతోనే తల తుడుచుకుంటుంటే ఆయన, “అందరివీ సర్దుతావు, నీది మాత్రం మర్చిపోతావు, అదేం మతిమరుపో!” అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరికీ ఏదీ సర్దనివాళ్ళు ఏదీ మర్చిపోరు మరి.

ఏడాదిన్నర పిల్లకి ఈతేమిటని మొదట్లో ఇంట్లో పెద్ద పంచాయితీ. నిజానికి ఆ క్లాసులో పసిపిల్లలకి ఎవరూ ఈత నేర్పరు. నీళ్ళంటే బెదురు పోవడానికి అమ్మో నాన్నో పిల్లని ఎత్తుకుని కొలనులోకి దిగాలి, పాటలు పాడాలి, భుజాల మీద నీళ్ళు చిలకరించాలి, వెల్లకిలా పడుకోబెట్టి తల కింద అరచెయ్యి ఆనించాలి. “నువ్వు దిగు, నేను గట్టు మీంచి చూస్తుంటాలే” అన్నారాయన. ఆయనకి ఈత కొట్టిన పిండి. చిన్నప్పుడు వరదలో ఏరు ఈదిన కథ పెళ్ళైన కొత్తలోనే అత్తయ్య చెప్పారు, ఆ తర్వాత చుట్టాలు వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నారు. అందుకని శనివారం శనివారం ఆయన గట్టు మీద కుర్చీ వేసుకుని, ఒక కన్ను ఫోన్లో, ఒక కన్ను మా మీద. “తల ఇంకాస్త ఎత్తు. అలా కాదు. అబ్బా, పిల్లని పట్టుకోవడం కూడా రాదు నీకు!” గట్టు మీద కూర్చుని ఎన్ని కబుర్లైనా చెప్పొచ్చు. కాని ఏరు ఈదినాయన చెబుతుంటే వినక చస్తానా.

ఒక్క ఈతతో ఆగితే బాగానే ఉండేది. కూరలో ఉప్పు, కారు రివర్సు, పాప దగ్గు, దేనికైనా తీర్పు ఆయనదే. నేను ఆఫీసుకి సగం పూటే వెళ్తాను కనక అక్కడివాళ్ళు “నీకేం, హాయి” అంటారు. మిగతా సగం పూట వంటింట్లో నడుము విరిగేలా చాకిరీ చేస్తుంటే ఇంట్లోవాళ్ళు “ఖాళీగానే ఉన్నావుగా” అంటారు. రెండు చోట్లా హాయిగా ఉన్నది నేనేనని నాకు తప్ప అందరికీ తెలుసు. అందుకే నాకు ఆ శనివారం కావాలి. నడుంలోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతుల మీదా పిల్లని పెట్టుకున్న మనిషిని టీ పెట్టమని ఎవరూ అడగలేరు. వారం మొత్తానికి నేను ఒకే ఒక్క పని చేసేది అప్పుడే. బుడంకాయ, అంటే మా పాప, చెవుల్లోకి నీళ్ళు రాగానే కళ్ళు ఇంతింత చేసుకుని నాకేసి చూస్తుంది. నాకు అది చాలు.

ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. పాప నాలుగు తుమ్ములు తుమ్మిందని అత్తయ్య పట్టు పట్టారు. “చాల్లే వేషాలు. ఇవాళ నేనూ వస్తా. పిల్లకి ఏం ఒరిగిందో నా కళ్ళతో చూసి, ఉంచాలో మానిపించాలో చెప్తా.” ఆయన వెంటనే, “అమ్మ ఎలా అంటే అలా” అనేశారు. నన్ను అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

కోచ్ మేడమ్‌ది ఒక పద్ధతి. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టే ముందు ప్రతిసారీ ఒకే మాట అనాలి. అలవాటైతే ఆ మాట చెవిన పడగానే పిల్ల ఒళ్ళు వదులు చేస్తుంది. ఎవరి మాట వాళ్ళు ఎంచుకోవచ్చు. నా పక్కావిడ వాళ్ళ బాబుతో “బజ్జో” అంటుంది. నేను “తేలు” అంటాను. ఆ రోజు అత్తయ్యా ఆయనా గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు, ఇద్దరూ చేతులు కట్టుకుని. నేను బుడంకాయని అరచేతుల మీదికి తీసుకుని, గొంతు వణకకూడదని కాస్త గట్టిగానే అన్నాను.

“తేలు, తల్లీ! తేలు! తేలు!”

“అమ్మో, తేలా!” అత్తయ్య కేకకి హాలంతా మారుమోగింది. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో మేడ మెట్లెక్కని మనిషి ఒక్క గెంతులో కుర్చీ మీద ఉన్నారు. “ఒరేయ్, తేలటరా! కాళ్ళు పైకెత్తుకో! పిల్లని లాగు బయటికి!”

ఆయన ఉలిక్కిపడి లేచారు. తడి గచ్చు మీద కాలు జారి, చొక్కాతో సహా మా పక్కనే దబ్బున నీళ్ళలో పడ్డారు. “మునిగిపోతున్నా! పట్టుకో! ఎవరైనా పట్టుకోండి!” అంటూ చేతులు టపటపా కొడుతున్నారు.

“నిలబడండి,” అన్నాను. “కాళ్ళు అందుతాయి.”

నిలబడ్డారు. బుడంకాయ ఇంత గొడవలోనూ నా అరచేతుల మీద హాయిగా తేలుతూ, వాళ్ళ నాన్నకేసి చూసి కిలకిలా నవ్వింది.

“అదేమిట్రా, ఏరు ఈదినవాడివి!” అన్నారు అత్తయ్య, ఇంకా కుర్చీ మీదే నిలబడి.

“అది... చిన్నాన్న వీపు మీదమ్మా,” అన్నారాయన ముక్కు తుడుచుకుంటూ. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా చొక్కా పిండుకోసాగారు.

నాకు కోపం రావాలి. ఇన్ని వారాలు తల ఎత్తు, చెయ్యి దించు అని ప్రాణం తీసినందుకైనా రావాలి. రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆయనకీ తెలీదు! ఈత ఒక్కటేనా? కూరలో ఉప్పూ, పాప దగ్గూ, కారు రివర్సూ కూడా సగానికి సగం చిన్నాన్న వీపు మీదే అయి ఉంటాయి. లోకంలో నాకొక్కదానికే ఏమీ రాదనుకుని ఇన్నేళ్ళు ఎంత హడలిపోయాను! నవ్వు తన్నుకొచ్చింది. ఎంతకీ ఆగలేదు. పక్కావిడ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

అత్తయ్య మెల్లగా కుర్చీ దిగి కాసేపు మమ్మల్నే చూశారు. “పిల్లకి మాత్రం బెదురు లేదే!” అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు.

“బెదురు పోయిందిగా, ఇంక మానిపించెయ్యొచ్చు,” అంటూ ఆయన మెట్ల వైపు నడిచారు.

“ఆగండి,” అని బుడంకాయని ఆయన చేతుల్లో పెట్టాను. “తల కింద అరచెయ్యి పెట్టండి, అంతే. వచ్చే శనివారం నుంచి దీన్ని మీరు దింపండి. అవతలి కొలనులో పెద్దవాళ్ళకి క్లాసు ఉందట, నేను అందులో చేరుతున్నా.”

ఆయన పిల్లని గుండెలకి అదుముకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “నాకు ఈత రాదని ఇప్పుడే చూశావు కదే! ఎలా దిగమంటావు?”

“నాకూ రాదండీ,” అన్నాను. “దిగమన్నారు, దిగాను.”