కప్పుకు కావలసిన పొగ

“పొగ లేకుంటే కప్పు ఏమైపోవాల?” అన్నాడు మా ఆయన రంగనాయకులు, రెండోసారి పులుసు పోయించుకుంటూ.

పోశాను. పోస్తూ దగ్గాను. దగ్గు కంచంలో పడకుండా మొహం తిప్పుకున్నందుకు నన్నెవరూ మెచ్చుకోలేదు లెండి. జువ్వలదిన్నెకి ఈవల, సముద్రం మీది ఉప్పుగాలి పొద్దస్తమానం కొట్టే ఊరు మాది. తాటాకు కప్పుకి పొగ ఆడకపోతే రెండేళ్ళకే చెదలు పట్టి పొడిపొడిగా రాలుతుందని ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ తెలుసు. అందుకే మా వంటిళ్ళకి కిటికీ పెట్టరు. పొగ కప్పుకి కావాలి. వాసానికి వేలాడదీసిన విత్తనపు సొరకాయలకి కావాలి. పురుగు పట్టకుండా కొత్త చేటలకి కావాలి. ఆ ఇంట్లో పొగ అక్కర్లేనిది నాకొక్కదానికే, ఆ సంగతి నన్ను అడిగినవాళ్ళు లేరు.

మా ఆయన చెడ్డవాడు కాదు. అదే నా తంటా. చెడ్డవాడైతే ఎదురుతిరగడం ఎంత తేలిక! నా మీద చెయ్యెత్తి ఎరగడు. నా దగ్గు వినలేక కావలి వెళ్ళి మందుసీసా కూడా పట్టుకొచ్చాడు. మందు తెచ్చిన మనిషికి పొగ మాత్రం కనపడలేదు, ఎందుకంటే పెళ్ళైననాటి నుంచి ఆయన వంటింటి గడప దాటి లోపలికి వచ్చింది లేదు. అన్నం వసారాలోకి వస్తుంది, పొగ లోపలే ఉంటుంది. ఆ రోజు చెయ్యి కడుక్కుంటూ ఆయన చల్లగా ఇంకో మాట అన్నాడు. “నీకు చాతగాకుంటే కస్తూరిని పెట్టుకో. అయిదు చదివింది చాలదా? పొయ్యి కాడ కూచుంటే పనన్నా వస్తాది.”

కస్తూరి మా కూతురు. పదేళ్ళది. పలక మీద నాకు నా పేరు రాసి చూపించిన పిల్ల. నేను పడుతున్నాను సరే, పడీ పడీ అలవాటైంది. నా పిల్లని తీసుకొచ్చి ఆ చీకట్లో కూర్చోబెట్టి ఊదే గొట్టం చేతికివ్వడమా? స్తంభానికి ఆనుకుని కూర్చున్న మా అత్త ఆదిశేషమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు ఎప్పుడో బియ్యం కడిగిన నీళ్ళ రంగుకి తిరిగిపోయాయి, మనుషుల్ని గొంతుని బట్టి పోల్చుకుంటుంది. నేను కొత్త కోడలిగా వచ్చి మొదటిరోజు పొయ్యి ముందు ఏడుస్తుంటే, “పొగకి నీళ్ళు కారితే కళ్ళు కడుక్కున్నట్టేలేమ్మే” అని ఓదార్చింది ఈమే. నిజమే కాబోలని నమ్మాను. ఆమె కప్పు పక్షమే అనుకుని ఇన్నేళ్ళూ లోపల లోపల కారాలు మిరియాలు నూరుతూనే ఉన్నాను.

ఇప్పుడు ప్రమీలమ్మ గారి సంగతి చెప్పాలి. చెప్పేముందు మనసులో ఒక దణ్ణం పెట్టుకుంటాను. బ్లాకు ఆఫీసు నుంచి వచ్చే గ్రామసేవిక ఆవిడ. వారానికొకసారి కాలవ గట్టు మీద నడిచొచ్చి పంచాయతీ గదిలో మహిళామండలి పెట్టేది. ఆ వారం పొగలేని పొయ్యి వేయడం నేర్పిస్తానని మమ్మల్ని పోగుచేసి, మట్టి పిసుకుతూ పిసుకుతూ శుక్రుడి మీదికి పోయింది. తెల్లవారుజామున కళ్ళాపి చల్లేటప్పుడు మేము రోజూ చూసే వేగుచుక్కే శుక్రుడట. ఆ శుక్రుడు కనపడని మూఢంలో పెళ్ళిళ్ళే చేయరు కదా, నా పెళ్ళికి ఆయన సాక్షి కూడాను. మొన్న చలికాలంలో మనుషులు పంపిన యంత్రం ఒకటి ఆయన పక్కగా పోయి చూసొచ్చిందట. అక్కడ సీసం పెడితే కరిగిపోయేంత వేడి. దూరాన్నుంచి చూస్తే అంత చల్లగా మెరిసేవాడు లోపల అలా కుతకుత ఉడుకుతున్నాడట. అక్కడి గాలి నిండా బొగ్గుపులుసు వాయువేననీ, అది దుప్పటిలా కప్పుకుని వచ్చిన వేడిని బయటికి పోనివ్వదనీ, అందుకే అక్కడ పురుగు కూడా బతకదని పెద్ద చదువులవాళ్ళు అనుకుంటున్నారనీ చెప్పింది. కుజుడి మీద గాలి పలచన, అక్కడ చలి. మన భూమికి సరిగ్గా సరిపడేంత గాలి కప్పు ఉంది కాబట్టి మనం ఉన్నాం. అదీ ఎప్పటికీ ఇలాగే ఉంటుందని లేదు, ఫ్యాక్టరీలు పెట్టి ఇంతింత బొగ్గు తగలేస్తుంటే మన గాలీ మారిపోతుందేమోనని చదువుకున్నవాళ్ళు కొందరు భయపడుతున్నారట.

“మా వంటిల్లు మాదిరేనా అక్కా?” అన్నాను నేను. నోరు జారింది. అందరూ పకపకా నవ్వారు. ప్రమీలమ్మ గారు నవ్వలేదు.

మర్నాడు మా ఇంటికొచ్చింది. చాప వేస్తానంటే వద్దని తిన్నగా వంటింట్లోకి వచ్చి నా పక్కన పీట వేసుకుంది. సరుగుడు పుల్లలు పచ్చివి, పిడకలు చెమ్మవి, ఇక చూడండి. నేను సిగ్గుతో చచ్చిపోతూ బయట కూర్చోమని బతిమాలాను. ఆవిడ కదల్లేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట ధారలు కారుతుంటే, అన్నం వార్చేదాకా, పులుసు దించేదాకా కూర్చుంది. నా వంట తిన్నవాళ్ళు ఉన్నారు, వంకలు పెట్టినవాళ్ళు ఉన్నారు. నా పొగలో నాతో కూర్చున్న మనిషి మాత్రం అంతవరకూ లేదు. ఆ ఒక్క పూటకి ఆవిడ రుణం ఈ జన్మలో తీరదు నాకు.

బయటికొచ్చి మొహం కడుక్కుని మా ఆయనతో మర్యాదగానే చెప్పింది. పొయ్యి తనే వేసి పెడుతుందట, మట్టి గొట్టం బ్లాకువాళ్ళే ఇస్తారట, కప్పులో గొట్టం పట్టేంత సందు చేసిస్తే చాలునట. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు కానీ మాట మాత్రం మార్చలేదు.

“మీరు చెప్పేది బాగానే ఉండాదమ్మా. పొగంతా బయటికి పోతే కప్పు నిలవదు, ఏం చేసేది? మా అమ్మ నలభై ఏండ్లు ఆ పొయ్యి కాడే వండినాది. ఏమైంది ఆమెకి?”

నేను ఇవాళ ఏదైతే అదే అయిందని నోరు తెరవబోయాను. అంతలో స్తంభం దగ్గర నుంచి మా అత్త, కోపం లేకుండా, అడిగిన దానికి బదులు చెప్పినట్టు చెప్పింది.

“ఏమైందా? నీ మొహం చూసి ఎన్నేండ్లయిందో అడగరా అబ్బయ్యా.”

మా ఆయన చేతిలోంచి తలపాగా కింద పడింది, తీసుకోలేదు. నేను ఆ సందు వదులుకోదల్చుకోలేదు. “కస్తూరి బడికే పోతాది. కప్పు పాడైతే కొత్త తాటాకు కప్పించుకుందాం. కళ్ళు కప్పించుకోలేం గదా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆయన పశువుల కొట్టంలోకి పోయాడు. వచ్చేటప్పుడు చేతిలో నిచ్చెన, కొడవలి ఉన్నాయి. కప్పెక్కి తనే ఆకు కోశాడు. మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి, ఆ సంగతి దాచను.

ప్రమీలమ్మ గారు వేసిన పొయ్యి ఆరి గట్టిపడ్డాక మొదటిసారి ముట్టించిన రోజు కస్తూరి బడికి పోయింది, ఆయన పొలం పోయాడు. పొగ బుద్ధిగా గొట్టంలోంచి పైకి పోతోంది. నా చేతుల గాజులు కూడా స్పష్టంగా కనపడుతున్నాయి నాకు. మా అత్త గోడ పట్టుకుని తడుముకుంటూ వచ్చి గడపలో నిలబడింది.

“పొద్దెక్కింది గదమ్మే, ఇంకా పొయ్యి ముట్టించలేదా?”

“ముట్టించినా అత్తా. అన్నం ఉడుకుతా ఉండాది.”

ఆమె నమ్మలేదు. చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. సెగ తగిలేదాకా చెయ్యి చాపింది. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకుంది, దగ్గు రాలేదు. ఇంకోసారి పీల్చుకుంది.

“ఆ తల్లి నా కాలంలో యాడుండిందో” అంది.

దేవుడి దయవల్ల నా కాలంలో దొరికింది. ఆ మాట ఆమెతో అనలేకపోయాను. అన్నం వార్చాను. ఆయన వచ్చేదాకా ఆగలేదు. ఆ పొయ్యి పక్కనే, ఆమెకొకటీ నాకొకటీ, రెండు కంచాలు పెట్టాను.