తొట్టెకు సరిపడే ఉప్పు

ఆ ఇంట్లో చేపలకు తప్ప ఇంకెవరికీ ఉప్పు లేదు. వేళాకోళానికి అంటున్న మాట కాదిది. ఇంటాయన గుండె నీరసించి, కాళ్ళు వాచి, నాలుగడుగులు వేస్తే ఆయాసం ముంచుకొచ్చే స్థితికి చేరాక, ఉప్పు పూర్తిగా మానెయ్యమన్నాడు డాక్టరు. నీళ్ళు కూడా కొలుచుకునే తాగాలన్నాడు. ఇంటావిడ ఆ రోజే ఉప్పు డబ్బా ఇల్లు దాటించేసింది. "ఆయన చప్పిడి తింటుంటే నాకు ఉప్పేసిన ముద్ద గొంతు దిగుతుందా?" అని తనూ చప్పిడి కూటికే దిగింది. ఇంతా చేసి ఆవిడ బతుకుతెరువేమిటో తెలుసా? ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి. గరిటె అంచు నుంచి ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు రాసుకుందంటే, ఇక ఆ కూరలో ఉప్పుకు తిరుగులేదు.

ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, మంచానికి ఎదురుగా ఉన్న సముద్రపు చేపల తొట్టె. నారింజ రంగు చేపలు రెండు, నీటి వాలుకు వేళ్ళలా ఊగే పగడాలు కొన్ని. ఆ తొట్టెలో కుళాయి నీళ్ళు పోస్తే కుదరదు. వడకట్టిన నీళ్ళలో అందుకోసమే తయారైన ఉప్పు కలిపి, బకెట్‌లో చిన్న పంపు పెట్టి తిప్పి, వారం వారం కొంత పాత నీరు తోడేసి ఈ కొత్త నీరు పోయాలి. ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ ఆయనే చేసుకున్నాడు. ఇప్పుడు డ్యూటీ దిగొచ్చాక బకెట్లు మొయ్యడం ఆవిడ వంతయింది. నడుం పడిపోయేది పాపం, అయినా పల్లెత్తు మాట అనేది కాదు. చేపలున్నన్నాళ్ళూ ఈయనకు పొద్దున్నే కళ్ళు తెరవాలనిపిస్తుందని ఆవిడ ఆశ. ఆయన బతకాలి, అంతే. దానికోసం కొండనైనా తవ్విపోసేది.

ఇంతలో వాళ్ళు ఎప్పుడూ వాడే ఉప్పు రావడం మానేసింది. చేపల కొట్టాయన మూడు రకాల బస్తాలు చూపించాడు.

"ఇది ఉత్త చేపలకైతే చాలమ్మా. ఇదేమో పగడాలకు, సున్నం పాళ్ళు ఎక్కువ. మూడోది మధ్యరకం, కరగడానికి టైం తీసుకుంటుంది. ఒక్కసారిగా మార్చకండి, పగడాలు తట్టుకోలేవు."

"మా ఆయన్ని అడిగి చెప్తాను. మూడూ తలా కాస్త కట్టివ్వు బాబూ."

ఇంటికొచ్చి మొదటి రకం కలిపింది. ఉప్పు కొలిచే గాజు మీటరు వేస్తే గీత దగ్గర చక్కగా తేలింది. ఆయన మంచం మీద నుంచే చెయ్యి చాచాడు.

"మగ్గుతో కాస్త ఇలా తే. రుచి చూసి చెప్తా."

"మీటరు చూపిస్తోందిగా, సరిపోయిందని!"

"మీటరుకేం తెలుసే? ఎంత ఉందో చెప్తుంది గానీ ఎలా ఉందో చెప్తుందా? నువ్వు కూరలో మీటరు పెట్టి చూస్తావా?"

ఇంకెవరికైనా ఈ మాట చెబితే ముఖం మీదే నవ్వేవాళ్ళు. ఆవిడకు మాత్రం సూటిగా తగిలింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నాలుకనే నమ్ముకున్న మనిషాయె! పైగా చెంచాడు నీళ్ళు నాలుకకు తగిలించి ఉమ్మేస్తే ఏమవుతుందిలే అనుకుంది. మగ్గు తెచ్చిచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని చప్పరించి, గిన్నెలో ఉమ్మి, తల అడ్డంగా ఊపాడు. "ఊహూ. ఇది కాదు."

రెండో రకం కలిపింది. ఘాటుగా ఉందన్నాడు. మూడోది పచ్చిగా ఉందట. "మగ్గు ఇక్కడే ఉంచు, తేటపడ్డాక మళ్ళీ చూస్తా," అనేవాడు. క్యాంటీన్ నుంచి వచ్చేసరికి మగ్గు ఖాళీగా ఉండేది. పారబోశానని చెప్పేవాడు. రెంటినీ సగం సగం కలిపి చూద్దామనేవాడు, వేరే కొట్లో ఇంకో రకం దొరుకుతుందేమో కనుక్కోమనేవాడు. ఆవిడ కాళ్ళరిగేలా తిరిగింది. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టలేదు గదా ఈ మనిషి, అని నవ్వుకుంది కూడా. తొట్టె ముందు ఇంత హుషారుగా ఆయన్ని చూసి ఎన్నాళ్ళయిందో.

ఆ హుషారు వెనకే వాపు మళ్ళీ వచ్చింది. పాదాల నుంచి మోకాళ్ళకు, మోకాళ్ళ నుంచి పొట్టకు పాకింది. పడుకుంటే ఊపిరాడడం లేదని కూర్చునే కునుకు తీసేవాడు. పక్కింటావిడే జాలిపడి ఏ పచ్చడో పెడుతోందని అనుమానించి, వాళ్ళింటి ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది ఇంటావిడ. పక్కింటావిడ బిత్తరపోయి తలుపేసుకుంది. ఆ సాయంత్రమే ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారు.

"ఉప్పు పెడుతున్నారా?" అడిగాడు డాక్టరు.

"ఒట్టు డాక్టరుగారూ! మా ఇంట్లో చిటికెడు ఉప్పు..."

బకెట్‌కు బకెట్ ఉంది ఇంట్లో. తెచ్చింది తనే, కలిపింది తనే, మగ్గుతో అందించింది తనే. అక్కడే గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

కాస్త తేరుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు. దాంతో అంతా తేలిపోయింది.

"మగ్గులు మగ్గులు తాగేశారు కదూ?"

"మొదటి రోజు నిజంగా చేపల కోసమేనే," అన్నాడు రొప్పుతూ. "నాలుక మీద పడగానే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉండేది. ఇక ఆపుకోలేకపోయా."

"ఒక్క మాట నాతో అనకూడదా?"

"అంటే పెట్టేదానివా?"

"చచ్చినా పెట్టేదాన్ని కాదు!" అని భోరుమంది. మెడ పట్టుకుని కుదిపేద్దామన్నంత కోపం, ఆ వాచిన పాదాలు ఒళ్ళో పెట్టుకుందామన్నంత జాలి, రెండూ ఒక్కసారే వచ్చాయి. చేతులారా చంపుకున్నానే అనుకుంది. ఆ రెండిట్లో ఏదీ చెయ్యలేక దుప్పటి సర్దింది.

ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. మందులు పనిచెయ్యడం లేదన్నారు. చివరికి డాక్టరు ఆవిడను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఇక ఏది అడిగితే అది పెట్టండమ్మా," అన్నాడు. దానర్థం తెలియనంత అమాయకురాలు కాదు ఆవిడ.

దారిలో ఉప్పు కొని, ఇంటికెళ్ళి బంగాళాదుంప కూర వండింది. కొలత తప్పకుండా ఉప్పు వేసింది. అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసింది. లక్షణంగా ఉంది. అన్నంలో కలిపి, ఆస్పత్రికి తీసుకెళ్ళి, మొదటి ముద్ద ఆయన నోట్లో పెట్టింది.

ఆయన మెల్లగా నమిలాడు. మొహమాటంగా ఆవిడ వంక చూశాడు.

"ఉప్పు వెయ్యలేదటే?"

"అయ్యో, మరిచేపోయానండీ," అంది. కింద ఆస్పత్రి క్యాంటీన్‌కు పరుగెత్తి, కాగితంలో ఇంత ఉప్పు అడిగి తెచ్చింది. కాస్త వేసి కలిపింది. ఇంకొంచెం అన్నాడు. వేసింది. ఇంకొంచెం. పొట్లంలో సగం అయ్యేదాకా వేసింది.

"హమ్మయ్య, ఇప్పుడు సరిపోయింది," అన్నాడు. నాలుగు ముద్దలు తిని, ఇక చాలని చెయ్యి అడ్డం పెట్టి, దిండుకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

పళ్ళెంలో మిగిలినది ఆవిడ నోట్లో పెట్టుకుంది. చేదెక్కిపోయిన ఉప్పు, మనిషన్నవాడు మింగగలిగేది కాదు. నర్సు వచ్చి పళ్ళెం తీసెయ్యనా అని అడిగింది. వద్దని తలూపి, కళ్ళ నీళ్ళు కారుతుంటే, ఒక్క మెతుకు వదలకుండా అంతా తినేసింది.