ముందు చక్రం దగ్గర చప్పుడు

చక్రం నా చేతిలో ఊగింది. కొద్దిగా కాదు, అరంగుళం ఊగింది. టైరు కింద ఇనుప కడ్డీ పెట్టి ఎత్తితే లోపల టక్కుమంది. మళ్లీ ఎత్తాను, మళ్లీ టక్కుమంది. ఈ కొండ ఊళ్లో ముప్ఫయ్యేళ్లుగా బళ్లు బాగుచేస్తున్నదాన్ని. చక్రాన్ని పట్టి నిలబెట్టే బాల్ జాయింట్ ఇంతలా అరిగిపోయి కూడా ఇంకా ఊడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ పికప్ మా తమ్ముడు రోలండ్‌ది. ఎనిమిది రోజుల క్రితం దాన్ని చూసి, "ఏం లేదురా, నిశ్చింతగా తోలుకో" అని పంపించింది నేనే.

ఆ రోజు నా షెడ్డుకు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్ ముసలాళ్లంతా పని మానుకుని వచ్చి బండి చుట్టూ మూగారు. వాళ్లకు పనేం ఉంది గనక! ఒకడు బేరింగ్ అన్నాడు. ఇంకొకడు వెనకాల పడేసిన కంచె సామాను చప్పుడేనన్నాడు. గోధుమ పొలాలు కొడుకులకు అప్పగించి ఖాళీగా కూర్చున్న ఓర్విల్ అయితే నా మీదే పడ్డాడు.

"ఇది నీ వల్ల తేలేది కాదులే అమ్మాయ్. బిల్లింగ్స్ సిటీకి తీసుకెళ్లమను, అక్కడ మగాళ్లు చూస్తారు."

"నీ ట్రాక్టరు స్టార్ట్ కానప్పుడు ఎవడొచ్చాడు మామా, బిల్లింగ్స్ మగాడా?" అన్నాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో జాకీని బండి అడుగు చట్రం కింద తోసి, చక్రం పట్టుకుని కుదిపాను. బిగుతుగానే ఉంది. పక్కనున్న చిన్న లింకు అరిగి కనబడితే అది మార్చేసి, ఇదిగో తేల్చాను చూసుకోండి అన్నట్టు చేతులు దులుపుకున్నాను.

ఈ బండికి జాకీ అలా పెట్టకూడదు. చక్రాన్ని మోసే కింది చెయ్యి, లోయర్ ఆర్మ్ అంటాం, దాని కింద పెట్టాలి. లేకపోతే స్ప్రింగు బరువంతా ఆ జాయింట్ మీదే ఉండి, పాడైపోయింది కూడా బిగుతుగానే అనిపిస్తుంది. పనిలో చేరినవాడికి మొదటి రోజే నేను చెప్పే పాఠం ఇది.

చప్పుడు తగ్గలేదని ఈ పొద్దున రోలండ్ బండి వదిలేసి, వేరేవాళ్లతో పనికి వెళ్లిపోయాడు. వాడిది కనుమ రోడ్డు మరమ్మతు పని. తొమ్మిదింటికి నాకు విషయం తెలిసింది. కొత్త జాయింట్ సిటీ నుంచి మూడింటికి గానీ రాదన్నారు. బ్రేకుల్లేని స్కూలు బస్సు బయట కాచుకుని ఉంది. చేసేదిలేక పికప్‌ను కిందికి దింపి, మెల్లగా ఆవరణలోకి తోసి నిలబెట్టాను.

మా ఊళ్లో ఎవరూ బండిలోంచి తాళంచెవి తియ్యరు. అవసరమైనవాళ్లు ఎవరి బండైనా తీసుకెళ్తారు, పని కాగానే తెచ్చి పెడతారు. తోలకూడని బండికి మాత్రం స్టీరింగుకు ఎర్ర అట్టముక్క కడతాం. ఆ అట్ట నా చేతిలోనే ఉంది. ఎదురుగా కిటికీలో ఓర్విల్ కాఫీ తాగుతున్నాడు. నేను బాగుందన్న బండికి నేనే ఎర్ర అట్ట కట్టడం చూస్తే మధ్యాహ్నానికల్లా ఊరంతా అదే కబురు. మూడింటికి జాయింట్ వస్తుంది, నాలుగింటికి మార్చేస్తాను, ఎవరికి తెలుస్తుంది? అట్టను బల్ల మీదికి విసిరేసి బస్సు కిందికి దూరాను.

పదిన్నరకు బయటికొచ్చి చూస్తే పికప్ లేదు. దాని చోట మా అమ్మ చిన్న నీలం కారు ఉంది.

"ఓర్విల్ మామా! ఇక్కడి బండేది?"

"మీ అమ్మ తీసుకెళ్లిందిగా. గురువారం కదా, గిల్మన్‌లో మంచం పట్టినవాళ్లకు భోజనాలు పట్టుకెళ్తుంది. పెట్టెలు కార్లో పట్టలేదట. ఏం, నీకు చెప్పలేదా?"

ఓరి దేవుడా! గిల్మన్‌కు ఉన్నది ఒకటే దారి, కనుమ మీంచి. ఏడు మలుపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. అమ్మకు డెబ్భై ఆరేళ్లు. కనుమలో ఫోన్లు పనిచేయవు. ఆమె కారులోనే ఎక్కి తోలాను. దారంతా అమ్మా అమ్మా అని పైకే అనుకుంటున్నాను. మలుపు తిరిగిన ప్రతిసారీ ముందు లోయలోకే చూశాను.

నాలుగో మలుపులో కనబడింది. పికప్ ముందు చక్రం విరిగిన కాలులా పక్కకు వాలి, బండి కొండ గోడకు ఆనుకుని ఉంది. రోడ్డు నిండా చారు, రొట్టెలు, మూతలూడిన డబ్బాలు. అమ్మ ఒక రాయి మీద కూర్చుని ఉంది. గౌను మీద చారు మరకలు. దెబ్బలేం కనబడలేదు. నేను పరిగెత్తుకెళ్లి ఆమె మొహం, చేతులు, మోకాళ్లు అన్నీ తడిమి చూశాను.

"నాకేం కాలేదే. రాయి ఎక్కించేసుంటాను," అంది అమ్మ. "నాకు కనబడనే లేదు. ఒక్కసారిగా స్టీరింగు చేజారిపోయింది. లోయ వైపు వెళ్తుంటే ఎట్లా తిప్పానో, గోడకు కొట్టుకుంది."

ఏప్రిల్‌లో పోస్టాఫీసు గోడకు అమ్మ కారు రాసుకున్నప్పటి నుంచీ నేనూ రోలండూ బండి మానెయ్యమని ఆమె వెంటపడుతున్నాం. ఇంకొక్కసారి ఏదైనా అయితే తోలడం మానేస్తానని మాట తీసుకున్నాం. గురువారాలు పోతే తనకింకేం మిగులుతుందని ఆ రోజు అమ్మ ఏడ్చింది కూడా.

ఇప్పుడు సంచీలోంచి లైసెన్సు తీసి నా చేతిలో పెట్టింది.

"మీరు చెప్పిందే నిజం. తమ్ముడికి ఇచ్చెయ్. ఇక నేను తోలను."

హమ్మయ్య, బతికిపోయానని నాకు మొదట అనిపించింది. సిగ్గులేని మాటే, కానీ దాచను. ఆ కార్డు జేబులో వేసుకుంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. కార్డు మీద అమ్మ ఫోటో నవ్వుతోంది.

"నువ్వు రాయి ఎక్కించలేదమ్మా," అన్నాను. "జాయింట్ ఊడిపోయింది. పోయిన వారం నేను సరిగ్గా చూడలేదు."

అమ్మ తలెత్తింది. "నీకెప్పుడు తెలిసింది?"

"ఈ పొద్దున. తొమ్మిదింటికి."

"నేను తీసుకెళ్లింది పదింటికి."

"అవునమ్మా."

"ఎర్ర అట్ట లేదే! ఉందేమోనని చూసే ఎక్కాను."

"ఓర్విల్ వాళ్లు చూసి నవ్వుతారని..."

అమ్మ నా చేతిలోంచి లైసెన్సు లాక్కుని సంచీలో పెట్టుకుంది. కొట్టినా బాగుండేది.

అంతలో రోడ్డు పనివాళ్ల లారీ వచ్చి ఆగింది. రోలండ్ దూకినట్టే దిగాడు.

"అమ్మా! ఏమైంది? అక్కా, ఏంటిది?"

"మీ అక్క చెబుతుంది," అంది అమ్మ.

చెప్పాను. జాకీ ఎక్కడ పెట్టానో, అట్ట ఎందుకు కట్టలేదో అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. వాడు బండి దగ్గరికి వెళ్లి, వాలిపోయిన చక్రాన్ని చూసి, డ్రైవరు పక్క సీటు తలుపు మీద చెయ్యి వేశాడు. వాడి కూతురు బ్రిన్‌కు పదకొండేళ్లు. రోజూ ఆ సీట్లోనే కూర్చుని, ఈ దారిలోనే బడికి వెళ్తుంది.

"నిన్న కూడా తీసుకెళ్లాను," అన్నాడు. "మొన్న కూడా. చప్పుడు వస్తోంది నాన్నా అంటే, అత్త చూసిందిలేవే అన్నాను." వాడు ఆ చారులోనే కూలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్లబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

అమ్మ లేచింది. చెడిపోకుండా మిగిలిన డబ్బాలు ఏరి తన కారులో పెట్టుకుంది. నేను ఒకటి అందుకోబోతే నా చేతిలోంచి తీసేసుకుంది. వెళ్లి స్టీరింగు ముందు కూర్చుని సీటు ముందుకు జరుపుకుంది.

"గిల్మన్‌లో తొమ్మిదిమంది ఎదురుచూస్తుంటారు. ఎక్కు."

"అమ్మా, నువ్వింకా తేరుకోలేదు. నేను తోలతాను."

"మళ్లీ నా ప్రాణం నీ చేతిలో పెట్టమంటావా?" అంది.

పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. మిగిలిన మూడు మలుపులూ అమ్మ నెమ్మదిగా, రోడ్డుకు మధ్యలోనే తోలింది. గిల్మన్ చేరేదాకా నా వైపు చూడలేదు.