మొగలిదిబ్బ తాంబూలం

కోటిలింగం ఇస్త్రీ చొక్కా తొడిగాడంటే ఎక్కడో పెళ్ళి ఉందని తెనాలిలో వాళ్ళ వీధి వీధంతా తెలిసిపోయేది. మిగతా రోజుల్లో ఆయనకు బనియనే లోకం. రైలెక్కేదాకా చొక్కా నలగకూడదని రెండు చేతులూ ఒంటికి ఎడంగా పెట్టుకుని నడిచేవాడు. అందులో ఒక చేతికి వేలాడుతూ మనవరాలు ఇందు. పెళ్ళి బాపట్లలో అయినా రేపల్లెలో అయినా ఆ చెయ్యి మాత్రం ఇందుదే, ఇంకో పిల్ల పట్టుకుంటే రైలు కదలనిచ్చేది కాదు.

ఇందుకి పెళ్ళికూతురి మీద ధ్యాస ఉండేది కాదు. ఊళ్ళ పిలుపు కోసం కాచుకుని కూర్చునేది. వాళ్ళ గంగపుత్రుల పెళ్ళిళ్ళలో భోజనాలకు ముందు కులపెద్ద లేచి, తీరం వెంట ఒక్కో ఊరినీ వరసగా పిలుస్తాడు. ఓడరేవు, సూర్యలంక, నిజాంపట్నం. పిలిచిన ఊరి పెద్ద లేచి కండువా పట్టి, తన ఊరి తాంబూలం అందుకుంటాడు. నిజాంపట్నం తర్వాత వచ్చే పేరు మొగలిదిబ్బ. ఆ పేరుకు లేచేవాడు కోటిలింగం ఒక్కడే. అంతమంది చూస్తుండగా తాత నిదానంగా లేచి వెళ్ళడం చూస్తే ఇందుకి ఒళ్ళంతా గర్వంగా ఉండేది. తిరిగొచ్చి తాంబూలంలోని అరటిపండు ఆయన దాని చేతిలోనే పెట్టేవాడు.

"మనూరికి ఎప్పుడెళ్దాం తాతా?" అని అడిగేది పండు ఒలుచుకుంటూ.

"ఈసారి" అనేవాడు ఆయన.

రేపల్లెతో పట్టాలు అయిపోతాయి కాబట్టి, అక్కణ్ణించి బస్సు ఉంటుందని ఇందు తనకు తానే నిర్ణయించుకుంది. ఏ రంగు బస్సో కూడా అనుకుంది. చివరికి ఆ బస్సును ఆపేసింది నాయనమ్మ పేరంటాలు. చేప పొలుసు గీస్తూ, తలెత్తకుండా చెప్పింది.

"ఎక్కడుందే ఊరు? డెబ్భై ఏడు ఉప్పెనకే పోయింది. మీ నాన్న అప్పటికి చంకబిడ్డ. ఇంకోసారి ఆ పేరెత్తి తాతని విసిగించావంటే ఊరుకోను."

ఆ రోజు ఇందు ఏడ్చింది. చూడని ఊరి కోసం అంత ఏడుపు ఎందుకొచ్చిందో దానికే తెలియలేదు. తర్వాత పెళ్ళిళ్ళలో పండు తిన్నది గానీ, ఎప్పుడెళ్దామని మాత్రం అడగలేదు.

అడగని ప్రశ్నే దాన్ని ఢిల్లీ దాకా తీసుకెళ్ళింది కాబోలు. బాపట్లలో డిగ్రీ అయ్యాక అక్కడ ఎం.ఏ.లో చేరింది. అంతర్జాతీయ అభివృద్ధి, శరణార్థుల సమస్యలు అంటే ఇరుగుపొరుగుకు అర్థమయ్యేది కాదు. పేరంటాలు దానికి "ఊళ్ళు పోయినోళ్ళ చదువు" అని పేరు పెట్టి అందరికీ అలాగే చెప్పుకుంది. నిజం చెప్పాలంటే విశ్వవిద్యాలయం పెట్టిన పేరుకన్నా అదే నయం. ఇందు రాసిన సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయమంతా ఒకే ప్రశ్న మీద: ఊరు పోయిన మనిషి ఎప్పటిదాకా ఊరు పోయిన మనిషి? తలమీద కప్పు, చేతికి పని, ప్రభుత్వం ఇచ్చే కార్డు దొరికేదాకా అని రాసింది. సార్ బాగుందన్నారు.

ఆ వ్యాసం ముగించడానికే ఎండాకాలం ఇంటికొచ్చింది. అప్పుడే దూరపు వరసకు మేనత్త కొడుకయ్యే యశ్వంత్ పెళ్ళి కుదిరింది, రేపల్లెలో. శుభలేఖ పట్టుకుని కులపెద్ద వీరబ్రహ్మం తెనాలి వచ్చాడు. మంచివాడే. మంచి మాటల్లోనే చెప్పాడు.

"పెదనాన్నా, ఊళ్ళ పిలుపు మరీ పొడుగైపోతోంది. వీడియో వాళ్ళ గోల, భోజనాల గోల. మనుషులున్న ఊళ్ళనే పిలుద్దామని పెద్దలమంతా అనుకున్నాం. ఊరే లేదంటే పొలిమేర ఎక్కడని మీకు తెలియంది కాదు."

కోటిలింగం శుభలేఖను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. వీరబ్రహ్మం ఇబ్బందిగా ఇందు వైపు తిరిగాడు.

"నువ్వు చదివేది ఇదే కదమ్మా. నువ్వే చెప్పు. పెదనాన్న వాళ్ళని ఇంకా ఊరు పోయినోళ్ళనొచ్చా?"

అన్నేళ్ళ చదువులో అయినవాళ్ళలో ఒక మనిషి దాన్ని చదువు గురించి అడగడం అదే మొదలు. ఇందు నిటారుగా కూర్చుంది.

"అనరు బాబాయ్. ఇల్లు, పని, కార్డు అన్నీ వచ్చాక అది ముగిసినట్టే లెక్క."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఇందు నోరు జారనైనా లేదు, చక్కగా పాఠం అప్పజెప్పింది. తాత ముఖం చూశాక గానీ ఎవరి మీద అప్పజెప్పిందో తెలియలేదు.

"నిజమే నాయనా" అన్నాడు కోటిలింగం. "లేని ఊరికి తాంబూలమేంటి. ఆపేయండి." ఆ వెంటనే ఈ ఏడు రొయ్య ఎలా ఉందని అడిగాడు.

పెళ్ళిరోజు రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కాలో, చేతులు ఎడంగా పెట్టుకుని. పొలాలు వెనక్కి పోతున్నాయి. ఇందు ఆయన పక్కకి జరిగింది.

"తాతా, నేనన్నది పుస్తకంలో మాట."

"పుస్తకంలో ఉందంటే నిజమేగా తల్లీ."

ఎత్తిపొడుపు కాదు. మనవరాలి చదువు మీద ఆయనకంత నమ్మకం. ఎత్తిపొడిచినా బాగుండును అనిపించింది ఇందుకి.

ఫంక్షన్ హాల్లో తాత ముందు వరసలో, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ఇందు ఆడవాళ్ళ వైపు నాయనమ్మ పక్కన కూర్చుంది. తలంబ్రాలు అయ్యాయి. వీరబ్రహ్మం మైకు అందుకున్నాడు. ఓడరేవు పెద్ద లేచాడు, తీసుకున్నాడు. సూర్యలంక. తర్వాత నిజాంపట్నం. నిజాంపట్నం పెద్ద తాంబూలంతో వెనక్కి తిరుగుతుండగా కోటిలింగం లేచాడు.

ఎవరూ పిలవలేదు. నిజాంపట్నం తర్వాత లేవడం ఆయన మోకాళ్ళకు నలభై ఏళ్ళుగా వచ్చిన పని, అవి లేచాయి. కండువా రెండు చేతులా పట్టి రెండడుగులు వేశాడు కూడా. సరిగ్గా అప్పుడే మైకులో "లంకెవానిదిబ్బ" అని వినిపించింది. ఆ ఊరి పెద్ద బాలస్వామి లేచి, ఎదురుగా కండువా చాపి నిలబడ్డ ముసలాయన్ని చూసి ఆగిపోయాడు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి "పిలవని పేరంటమా?" అని కిసుక్కుమంది.

కోటిలింగానికి అప్పుడు తెలిసింది. చుట్టూ చూశాడు. చాపిన కండువాను మెల్లగా మడవడం మొదలుపెట్టాడు. వీరబ్రహ్మం మైకు దించి నేలచూపులు చూస్తున్నాడు.

ఇందు ఎప్పుడు లేచిందో దానికే తెలియదు. ఆడపిల్ల ఊళ్ళను పిలవడం ఆ తీరంలో ఎన్నడూ లేదు. మైకు లేదు, గొంతు సగం ఏడుపు.

"మొగలిదిబ్బ" అని పిలిచింది.

అది చాలలేదన్నట్టు ఇంకోసారి గట్టిగా, వరసగా, కులపెద్దలు పిలిచినట్టే పిలిచింది. "నిజాంపట్నం తర్వాత మొగలిదిబ్బ."

బాలస్వామి తన కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు. తన వంతు ఇంకా రాలేదన్నట్టు చేతులు కట్టుకున్నాడు. వీరబ్రహ్మం పళ్ళెంలోంచి తాంబూలం తీసి, తనే నాలుగడుగులు ఎదురొచ్చి, మడత విప్పిన కండువాలో పెట్టాడు. అప్పుడు గానీ లంకెవానిదిబ్బను మళ్ళీ పిలవలేదు.

కోటిలింగం తన కుర్చీకి వెళ్ళలేదు. తిన్నగా ఆడవాళ్ళ వైపు వచ్చి, అరటిపండు మనవరాలి చేతిలో పెట్టాడు. ఇందు పండు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. వ్యాసంలో ఆ అధ్యాయం మొత్తం కొట్టేయాలని ఏడుపులోనే అనుకుంది.

ముందు వరసలోంచి సూర్యలంక ముసలమ్మ ఒకావిడ వెనక్కి తిరిగి, కళ్ళు చికిలించి దాన్ని ఎగాదిగా చూసింది. "గట్టిపిల్లే. ఏ ఊరమ్మా నీది?"

పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్నకు ఇందు తెనాలి అనే చెప్పింది. ఈసారి నోరు తెరిచేలోపే, ఇన్నేళ్ళూ ఆ పేరెత్తితే కసురుకున్న పేరంటాలు అందుకుంది.

"మొగలిదిబ్బండి" అంది కొంగుతో మనవరాలి ముఖం తుడుస్తూ. "మాదంతా మొగలిదిబ్బే."