పచ్చ బొత్తం

కరెంటు రంపం కింద పొట్టు ఎత్తడం నాకు ఇష్టమనే అనుకున్నాను. పెళ్ళయి ఆరు వారాలు. ఓక్ చెక్క పొట్టు నా జుట్టులో పడితే మా ఆయన రుర్డ్ వచ్చి ఊదేవాడు. ఆ కాస్త ఊపిరి మెడకు తగిలితే చాలు, నాకు రోజంతా పండగ. అందుకే పదింటికి తండ్రీకొడుకులకు కాఫీ పోసి, తలా ఒక బిస్కెట్ ఇచ్చి, డబ్బా మూసేసి, వాళ్ళు తాగే పావుగంటలో రంపపు బల్ల కిందికి దూరడం ఎప్పుడు అలవాటైందో గమనించుకోలేదు. "ఇంటి పనే కదా" అన్నారు మామయ్య డౌవ, మొదటి రోజే చీపురు చేతికిస్తూ. జీతం మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో పడవలకు చెక్కపని చేసే మా మామయ్య ఏదీ పారెయ్యరు. రంపాన్ని నడిపే పచ్చ బొత్తం నొక్కితే నిలవకుండా వెనక్కి తన్నుకొస్తోందని, అందులో ఒక చెక్క చీలిక దోపి రెండేళ్ళుగా నడిపిస్తున్నారు. కాఫీకి వెళ్తూ చీలిక లాగేస్తారు, కరెంటు దండగని గోడ మీది మెయిన్ కూడా ఆపేస్తారు.

ఆ మంగళవారం చీలిక లాగడం మరిచిపోయారు. నేను బల్ల కింద ఉండగానే మెయిన్ వేశారు. రంపపు చక్రం దానంతటదే తిరిగింది. నా చేతిలోని చీపురు సగం తెగి, ఎగిరి గోడకు తగిలింది.

"చేతికేం కాలేదుగా" అన్నారు మామయ్య. "దూరేముందు చెప్పొచ్చుగా అమ్మాయ్. చీపురు పోయింది చూడు."

రుర్డ్ నన్ను లేపి దులిపాడు. "నాన్నతో మాట్లాడతాలే" అన్నాడు. మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర నేనే అన్నాను, స్విచ్ మార్చాలని.

"కంపెనీ వాడు స్విచ్ డబ్బా మొత్తం కొనమంటాడు. నూట డెబ్బై యూరోలు. ఆ డబ్బుకి నీ జన్మంతా సరిపడా చీలికలు చెక్కిస్తా" అన్నారు మామయ్య. రుర్డ్ నవ్వాడు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నాకు సిగ్గే.

నేను చదివింది ఫిజిక్స్. మర్నాడు ప్లగ్ పీకి స్విచ్ డబ్బా మూత తెరిచాను. లోపల ఉన్నది నాలుగు తీగలు. ఏది ఎక్కడుందో ఫొటో తీసుకుని, స్విచ్ వెనక అచ్చేసిన అంకెలు రాసుకుని, అది కూర్చునే రంధ్రం కొలిచాను. అదే కొలత, అదే సామర్థ్యం ఉన్న స్విచ్ ఒక్కటే విడిగా దొరుకుతోంది. పంతొమ్మిది యూరోలు. శనివారం వాళ్ళిద్దరూ పడవ పందేలకు వెళ్ళినప్పుడు బిగించాను. బొత్తం నొక్కితే నిలిచింది. మెయిన్ ఆపితే టక్కున బయటికొచ్చింది. మళ్ళీ మెయిన్ వేశాను. రంపం ఉలకలేదు, పలకలేదు. ఆ చెక్కపని కొట్టులో ఒక్కదాన్నే గిరగిరా తిరిగాను. ఇంత సంతోషం మళ్ళీ ఎప్పుడొస్తుందో అనిపించింది. రుర్డ్ రాగానే అంతా చెప్పాను. "నా బంగారం" అన్నాడు.

సోమవారం మామయ్య బొత్తం నొక్కి చూశారు. మళ్ళీ నొక్కారు. కొడుకు వైపు తిరిగారు.

"ఎంతయిందిరా?"

"పంతొమ్మిది, నాన్నా."

"శభాష్. నా పోలికే."

రుర్డ్ నవ్వాడు. తర్వాతి మాట కోసం నేను ఎదురుచూశాను. చెక్క పలక ఎత్తాడు, కొలత గీశాడు, రంపం వేశాడు. ఆ మాట రాలేదు.

మధ్యాహ్నం వంటింట్లో అడిగాను, మార్చింది నేనని ఎందుకు చెప్పలేదని.

"నాన్న అడిగింది ధరే కదా, నింకె" అన్నాడు. "ఆయన మెచ్చుకోవడమే అరుదు. పాడుచెయ్యడం ఎందుకు?"

అంత ప్రేమగా అన్నాడు. తడి చేతులు తుడుచుకుని కొట్టులోకి నడిచాను. రుర్డ్ నా వెనకే వచ్చాడు.

"మామయ్యా, ఆ స్విచ్ మార్చింది నేను. బల్ల కింద పొట్టు రేపటి నుంచి మీరిద్దరూ వంతులేసుకోండి. నేనింక ఎత్తను."

ఆయన నా వైపు చూడలేదు. "నిజమేనట్రా?" అని కొడుకునడిగారు.

రుర్డ్ జవాబు చెప్పేదాకా నేను అక్కడ నిలబడలేదు.