గ్రహణం నాటి వేన్నీళ్ళు

మద్రాసు చూలై పేటలో భాష్యం మాస్టారి మిద్దె మీది నల్ల పెట్టె గురించి వీధివాళ్ళు అనుకోని మాట లేదు. వడియాలు పెట్టుకునే పెట్టె అన్నారు కొందరు. కోళ్ళగూడు అన్నారు ఇంకొందరు, మడి కట్టుకునే ఇంట్లో కోళ్ళేమిటని కూడా ఆలోచించకుండా. అసలు సంగతేమిటంటే అది ఎండతో నీళ్ళు కాచే పెట్టె. కట్టె అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు, ఊదే పని అసలే లేదు. తారు పూసి, నాలుగు వంకర్లు తిప్పిన ఇనప గొట్టం, దాని కింద నల్లరేకు, చుట్టూ రంపపు పొట్టు కూరిన చెక్క, పైన కిటికీ అద్దం. అంతే. పక్కన కాస్త ఎత్తులో గోనెసంచులు చుట్టిన డ్రమ్ము. పొద్దున నింపి పెడితే మధ్యాహ్నానికి కింద స్నానాలగది కొళాయిలో చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళు దిగేవి.

భాష్యం హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. సైన్సు మాస్టర్లకు కొంచెం తిక్క ఉంటుంది, మనవాడికి రెండు పాళ్ళు ఎక్కువే. కానీ ఈ పెట్టె తిక్కతో చేసింది కాదు, పెళ్ళాం మీద ప్రేమతో చేసింది. హైమ నెల తప్పిన కొత్తలో బాయిలరు ముందు కూచుని సరుగుడు కట్టెలు ఊదితే పొగకు దగ్గు, దగ్గుకు వాంతి. కళ్ళు ఎర్రబడి గోడ పట్టుకుని నిలబడేది. అది చూడలేక రెండు నెలల ఆదివారాలు వెంకటపతి కొట్లో గడిపాడు. వెంకటపతి వీధి చివర రాగి బాయిలర్లు చేసే పనివాడు. ఇది ఊరంతా పట్టుకుంటే నా కూడు పోతుంది సామీ అని సణుగుతూనే గొట్టం వంచి ఇచ్చాడు. మొదటిసారి కొళాయిలో వేన్నీళ్ళు పడిన రోజు హైమ చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూశాక వారం రోజులు మాస్టారికి కాలు నేల మీద నిలవలేదు.

తల్లి రాజలక్ష్మమ్మకు మాత్రం ఆ పెట్టె గిట్టలేదు. నిప్పు తగలని వేడి ఏం వేడి అనేది. మోకాళ్ళు సలిపిన రోజున మాత్రం ఎవరూ చూడకుండా రెండు చెంబులు పట్టుకుని పోసుకునేది. కొడుకు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. అంతవరకు ఆ ఇల్లు బాగానే ఉంది.

ఆ ఏడు, అంటే యాభై అయిదులో, జూన్ నెల అమావాస్య సోమవారం పొద్దున సూర్యగ్రహణం పట్టింది. సిలోన్‌లో సంపూర్ణం, మద్రాసులో ముప్పాతిక మీదే అన్నారు. హైమకు అప్పుడు ఏడో నెల. ఇంక రాజలక్ష్మమ్మ హడావుడి చూడాలి. కోడల్ని నడిమింట్లో పడుకోబెట్టి తలుపులు బిగించింది. కత్తి ముట్టుకోవద్దంది, సూది ముట్టుకోవద్దంది, దురద పుడితే గోక్కోవద్దంది. కడుపుతో ఉన్నదాని మీద గ్రహణం నీడ పడితే బిడ్డ పెదవి చీలిపోతుందని మనలో ఎవరికి తెలియదు? దానికి గ్రహణం మొర్రి అనే కదా పేరు. ఊరగాయ జాడీల్లో, బిందెల్లో, స్నానాలగది గంగాళంలో దర్భలు వేసింది. ఆఖరుకు ఆ మోకాళ్ళతోనే మిద్దె ఎక్కి పెట్టె అద్దం మీద నాలుగు దర్భలు పరిచి వచ్చింది.

మన మాస్టారు ఏం చేశాడంటే, ఆ దర్భలు తీసి పక్కన పారేశాడు. సూర్యుడు తరిగిపోతుంటే నీళ్ళు ఎంత నిదానంగా కాగుతాయో పావుగంటకోసారి కొలిచి నోటుబుక్కులో రాసుకుంటున్నాడట, దర్భల నీడ పడితే లెక్క తప్పుతుందట. నాలుగు గడ్డిపోచల నీడకు ఎంత వేడి తగ్గుతుందో ఆయనకే తెలియాలి. తల్లి మెట్ల మీదినుంచి అంతా చూసింది. దిగి వెళ్ళిపోయింది.

గ్రహణం విడిచింది. విడుపు స్నానానికి గంగాళంలోని దర్భ నీళ్ళు పోసుకోమంది అత్తగారు. పెట్టె నీళ్ళు పోసుకోమన్నాడు మొగుడు. రాహువు నోట్లో కాగిన నీళ్ళు కడుపుతో ఉన్న పిల్ల మీద పోస్తావా అని రాజలక్ష్మమ్మ గొంతు వణికింది. ఆ వణుకు విన్నాకైనా తగ్గి ఉండవలసింది. తగ్గలేదు.

"పోసుకో హైమా," అన్నాడు భాష్యం. "ఏమీ కాదని అందరూ చూస్తారు."

హైమ ఒకసారి అత్తగారిని, ఒకసారి మొగుణ్ణి చూసి, సరేనని తువ్వాలు తీసుకుని వెళ్ళింది. తలుపు వెనక కొళాయి శబ్దం చాలాసేపు వినిపించింది. తడి జుట్టుతో వచ్చాక నీళ్ళు బాగా కాగాయా అని అడిగితే తల ఊపింది. భాష్యం అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు.

సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది.

ఆసుపత్రి వరండాలో లేడీ డాక్టరు అతన్ని కూచోబెట్టి నిదానంగానే చెప్పింది. పెదవి తయారయ్యేది రెండో నెలలో, గ్రహణం వచ్చింది ఏడో నెలలో, దానికీ దీనికీ సంబంధం లేదు. పది పౌన్ల బరువు వస్తే కుట్టేస్తారు, మచ్చ మాత్రం మిగులుతుంది. భాష్యం ఆ మాటలు పాఠం అప్పగించినట్టు తల్లికి అప్పగించాడు.

"రెండో నెలలో ఏం జరిగిందో నువ్వు చూసినావా?" అంది రాజలక్ష్మమ్మ. "ఏడో నెలలో జరిగింది నేను చూసినా."

ఇంక ఆమెతో వాదించడం అతని వల్ల కాలేదు. పిల్లకు సీత అని పేరు పెట్టారు. రొమ్ము పట్టలేకపోయేది. ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోస్తే సగం ముక్కులోంచి వచ్చేసేది, తక్కిన సగం లోపలికి పోయేసరికి గంట పట్టేది. చూడవచ్చినవాళ్ళు దుప్పటి తొలగించి పిల్లను చూసి, ఆ తరువాత తలెత్తి మిద్దె వైపు చూసేవారు. పాలు పోసే మునెమ్మ కూడా చూసేది. ఏమయ్యా చదువుకున్నోడివి, ఇంత పని చేస్తివే అని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అన్నా బాగుండేది.

అవన్నీ ఓర్చుకున్నాడు భాష్యం. ఓర్చుకోలేనిది హైమ మౌనం. నీవల్లే అనదు, నీవల్ల కాదు అనదు. పలక మీద బొమ్మ గీసి రెండో నెల పిండం ఎలా ఉంటుందో వివరించాడు ఒకరోజు. ఊ అని విని, ఉగ్గుగిన్నె కడగడానికి లేచిపోయింది. ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి ఆమె నోట వినడానికి అతను ఏమిచ్చుకోమన్నా ఇచ్చుకునేవాడు. ఆసుపత్రినుంచి వచ్చిన నాటినుంచి ఆమె పెట్టె నీళ్ళు ముట్టుకోలేదు. మళ్ళీ బాయిలరు, మళ్ళీ సరుగుడు కట్టెలు, మళ్ళీ దగ్గు. అక్టోబరు, నవంబరు వానల్లో ఎండే లేదు కనుక ఎందుకని అడగవలసిన పని లేకపోయింది.

కానీ అతని లోపల ఒక ‘ఏమో’ చేరింది. క్లాసులో ఉష్ణం పాఠం చెబుతూ చెబుతూ సుద్దముక్క పట్టుకుని ఆగిపోయేవాడు. డాక్టరు చెప్పింది నిజమే. అయినా ఏమో. ఆ రోజు తను అంత పట్టుపట్టకుండా ఉండవలసింది. ఆ దర్భలు అద్దం మీద ఉంటే తన సొమ్మేం పోయింది? పిల్ల ముక్కులోంచి పాలు కారినప్పుడల్లా అతనికి తన గొంతే వినిపించేది, ఏమీ కాదని అందరూ చూస్తారని.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం తెల్లగా ఎండ కాసింది. భాష్యం మిద్దె ఎక్కి అద్దం తుడిచాడు, డ్రమ్ము నింపాడు. మధ్యాహ్నానికి నీళ్ళు బాగా కాగాయి. కిందికి దిగి చూస్తే రాజలక్ష్మమ్మ పిల్లను ఒళ్ళో వేసుకుని నూనె రాస్తోంది, హైమ బాయిలరు ముందు గొంతుక్కూచుని ఊదుతోంది. కళ్ళనిండా నీళ్ళు. కొళాయిలో వేన్నీళ్ళున్నాయని చెప్పాడు.

"ఈ నీళ్ళు చాలండీ," అంది ఆమె, తల తిప్పకుండా.

భాష్యానికి ఆ తరువాత తనేం చేస్తున్నాడో తెలియలేదు. పెరట్లోని సుత్తి పట్టుకుని మెట్లెక్కాడు. మొదటి దెబ్బకు అద్దం పగిలింది, రెండో దెబ్బకు చెక్క విరిగింది, గొట్టం ఊడి కాగిన నీళ్ళు మిద్దెంతా పారాయి. హైమ పరుగెత్తుకుని వచ్చింది.

"ఇప్పుడైనా చెప్పు," అన్నాడు రొప్పుతూ. "నావల్లేనని చెప్పు. లేదా కాదని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

ఆమె పగిలిన అద్దం వంక చూసి, మెట్ల వంక చూసి, గొంతు తగ్గించింది.

"ఆ పొద్దు నేను ఈ నీళ్ళు పోసుకోలా," అంది. "కొళాయి తిప్పి అంతా తూములోకి వదిలేసినా. గంగాళంలో దర్భ నీళ్ళు పోసుకొని వచ్చినా. నాకు భయమేసింది. చెప్తే మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలా."

ఆ మాట వినగానే భాష్యానికి కలిగింది కోపం కాదు, సంతోషం. అమ్మయ్య, అయితే నీళ్ళవల్ల కాదు. మూడు నెలలుగా గుండె మీదున్న బరువు దిగిపోయి ఊపిరి హాయిగా ఆడింది. ఆ మరుక్షణమే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. నీళ్ళవల్ల కాదని అతనికి ముందే తెలియాలి కదా, డాక్టరు చెప్పింది కదా, తనే పలక మీద గీసి చూపించాడు కదా.

హైమ అతని ముఖం చూస్తూనే ఉంది. "మీరూ నమ్మినారు," అంది.

కాదనలేకపోయాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగాడు.

"నీళ్ళు కాదంటే మరేందని అడుగుతారు. ఈ ఇంట్లో ఇంకెవరుండారు, నేను గాక? నా పుట్టింటి రక్తం అంటారు, నా పాపం అంటారు. మీరు కొడుకు. మిమ్మల్ని తిట్టినా మళ్ళా అన్నం పెడతారు." ఆమె విరిగిన చెక్కను కాలితో పక్కకు జరిపింది. "ఈ నీళ్ళు వాడితే వీటి తప్పు లేదని నాకు తెలిసినట్టు బయటపడుతుందని పొయ్యి ఊదుకుంటా ఉండా. మీరు చచ్చిపోతా ఉంటే చూస్తా ఊరుకున్నా. తప్పే."

భాష్యం పొగకు ఎర్రబడిన ఆ కళ్ళు చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో మెట్ల మీద అలికిడయింది. రాజలక్ష్మమ్మ నూనె రాసిన పిల్లను భుజాన వేసుకుని, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కి వస్తోంది. పై మెట్టు మీద ఆగి, పగిలిన పెట్టెను, పారుతున్న నీళ్ళను, కొడుకు చేతిలో సుత్తిని చూసింది.

"ఇప్పుడన్నా తెలిసిందా నాయనా," అంది, "ఆ నీళ్ళ వల్లేనని?"

హైమ చెయ్యి పిట్టగోడను పట్టుకుంది. హైమ ఆ నీళ్ళు పోసుకోలేదని భాష్యం ఒక్క మాట చెబితే చాలు, మూడు నెలల నింద తీరిపోతుంది. అది అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. లోలోపల నమ్ముతూనే ఇన్నాళ్ళూ తల్లి దగ్గర ఒప్పుకోని మనిషి ఇప్పుడు తల వంచుకున్నాడు.

"తెలిసిందమ్మా," అన్నాడు. "ఆ నీళ్ళ వల్లే."

మూడు నెలలుగా ఆ మాట కోసమే కాచుకున్న రాజలక్ష్మమ్మకు అది విన్నాక ఏ సంతోషమూ కలగలేదు. పిల్లను కోడలి చేతికిచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సరి, కదలబాక," అంది కొడుకుతో. "కాళ్ళకు గాజు గుచ్చుకుంటుంది. చీపురు తెస్తా ఉండు."

ఆ మోకాళ్ళతోనే మళ్ళీ మెట్లు దిగింది.